తాళం పడ్డ కల్లం

ఈ వ్యవహారం మొదలయ్యేనాటికి నా చేతిలో ఉన్నవి అద్దెకు తిప్పే అరవై టార్పాలిన్ పట్టాలు, వాటిని మోసే ఒక ట్రాలీ ఆటో, ఊళ్లో ఎవరితోనూ తగువు లేని పేరు. పట్టాలు చిరిగితే కొనుక్కోవచ్చు. ఆటో పాడైతే బాగు చేయించుకోవచ్చు. నా వ్యాపారం నడిచింది మాత్రం ఆ పేరు మీద. మబ్బు పట్టగానే మిరప రైతు ఫోన్ చేసేది, పిలిస్తే విసుక్కోకుండా వచ్చేవాడికే. నేను ముప్పై ఏళ్లుగా విసుక్కోకుండా వస్తున్నాను. లోపల ఎంత విసుగు ఉందో అద్దెకు తీసుకునేవాడికి అనవసరం.

నా పేరు బుడాన్. పర్చూరు దాటాక నల్లరేగడి నేలల మధ్య మా ఊరు. చుట్టూ పత్తీ మిరపా. చినుకు పడితే చెప్పు దిగబడి ఊడిరాని నేల. అలాంటి ఊళ్లో హైస్కూలు వెనక పంచాయతీ స్థలం ఒక్కటే ఎత్తుగా, గట్టిగా ఉండేది. వాన వెలిసిన పూటకే ఆరిపోయేది. అందుకే ఆ నేలను ఇద్దరు కోరుకున్నారు. జనవరి ఆఖరి నుంచి ఏప్రిల్ దాకా సొంత కల్లం లేని కౌలు రైతులు అక్కడ మిరపకాయ ఎండబెట్టుకునేవాళ్లు. మిగతా నెలలు పిల్లలు వాలీబాల్ ఆడేవాళ్లు.

ఈ రెండు పక్షాలకూ పోట్లాట రాకుండా చూసింది ఒక పాత పద్ధతి. ఎవరి కాయ ఎండి మూటలకెత్తినా, వెళ్లేముందు ఆటగాళ్ల కోసం ఒక గంప కాయ పక్కన పోసి వెళ్లాలి. దాన్ని కల్లం గంప అంటారు. ఆ పద్ధతి ఎవరు పెట్టారో అడిగితే చెప్పేవాళ్లు లేరు. ఎగవేసినవాళ్లు కూడా లేరు. గంపలన్నీ నా షెడ్డుకు చేరేవి. నేను గుంటూరు మిర్చి యార్డుకు పోయేటప్పుడు తీసుకెళ్లి అమ్మి, బంతులు, నెట్టు, డబ్బు మిగిలితే మోకాళ్లకు తొడుక్కునే ప్యాడ్లు ఒకటి రెండు జతలు తెచ్చేవాణ్ణి. పుణ్యం కోసమని చెప్పను. గంప పోసే ప్రతి రైతూ నా పట్టా అద్దెకు తీసుకునేవాడే.

ఆట నేర్పేది సాల్మన్. కుర్రతనంలో చీరాల టోర్నమెంట్లలో పేరు తెచ్చుకున్నాడు. మోకాలు దెబ్బతిన్నాక ఊరికి వచ్చి కూలి పనుల్లో పడ్డాడు. భార్య కొండమ్మతో కలిసి ఎకరన్నర కౌలుకు చేస్తాడు. సాయంత్రం చేను నుంచి వచ్చి, కాళ్లు కడుక్కోకుండానే విజిల్ మెడలో వేసుకునేవాడు. ఈమధ్య ఆడపిల్లల జట్టు తయారుచేశాడు. పిల్లలు బంతికోసం పడితే ఆ గట్టి నేల మీద మోకాళ్లకు చర్మం లేచిపోయేది. బట్టలు మార్చుకోవాలంటే గడ్డివాము చాటు తప్ప వేరే దారి లేదు. "మంచి కోర్టు ఒక్కటి పడితే చాలు మామా" అని నాతో అనేవాడు. వాళ్లావిడ నన్ను బాబాయ్ అంటుంది గనక నేను అతనికి మామని. ఇరవై ఏళ్లుగా అదే మాట. నేనూ ఇరవై ఏళ్లుగా అదే ఊ కొట్టడం.

చివరకు ఆ కోర్టు తెచ్చింది ప్రేమ్‌చంద్. రైతుల ఇంటి అబ్బాయి. బెంగళూరు కంపెనీ ఉద్యోగం ఇంట్లోంచే చేసుకుంటూ, యువజన సంఘానికి అధ్యక్షుడయ్యాడు. సెలవులన్నీ ఆఫీసుల చుట్టూ తిరగడానికే పెట్టాడు. రెండేళ్లకు మంజూరు వచ్చింది. రంగు పూత వేసిన వాలీబాల్ కోర్టు, చుట్టూ నడక దారి, లైట్లు, ఇనప కంచె, పక్కనే మరుగుదొడ్లూ బట్టలు మార్చుకునే గదీ ఉన్న కమ్యూనిటీ హాలు. బేరం తెలిసినవాణ్ణని నన్ను కమిటీలో వేశారు. చీమకుర్తికి పోయి, మూల విరిగి పక్కన పడేసిన గ్రానైటు పలకలు బతిమాలి తెచ్చి, కూర్చుని చూసేవాళ్లకు మెట్లు కట్టించాను. నల్లగా మెరిసిపోతాయి. మధ్యాహ్నం వాటి మీద కూర్చున్నవాడు మళ్లీ కూర్చోడు.

మొదటి మీటింగులోనే నేను అడిగాను.

"అంతా బాగానే ఉంది బాబూ. మరి కాయ ఎక్కడ పోస్తారు?"

"వేరే స్థలం చూపిస్తామన్నారండీ" అన్నాడు ప్రేమ్‌చంద్.

"ఎవరన్నారు?"

"అన్నారండీ."

సాల్మన్ కూడా అక్కడే ఉన్నాడు. కాయ సంగతి వినపడనట్టు గోడకు తగిలించిన కోర్టు బొమ్మ చూస్తున్నాడు. వ్యాపారంలో ఒక ప్రశ్నకు జవాబు రాకపోతే, ఆ జవాబు మనమే మోయాల్సి వస్తుందని నాకు తెలుసు. అయినా ఊరుకున్నాను. పెళ్లివారింట్లో భోజనాలకు ముందు వంటవాడి బాకీ అడిగినట్టు ఉంటుందని.

డిసెంబరు మొదటికల్లా పని అయిపోయింది. గేటుకు తాళం పడింది. ముఖ్య అతిథి వచ్చి ప్రారంభించాలి, ఆ తర్వాత ఇంజనీర్లు చూసి పాస్ చేయాలి. అప్పటిదాకా లోపల గీత పడినా మాకు సంబంధం లేదని కాంట్రాక్టరు చెప్పి వెళ్లాడు. తాళంచెవి ప్రేమ్‌చంద్ జేబులో. ముఖ్య అతిథి తేదీ మాత్రం ఎవరి జేబులోనూ లేదు. క్రిస్మస్ ముందన్నారు, తర్వాతన్నారు, సంక్రాంతి వెళ్లాకన్నారు. రెండుసార్లు షామియానా వేసి పీకారు. పిల్లలు చర్చి పక్క సందులో తాడు కట్టుకుని ఆడుకున్నారు. బంతి మురుగు కాల్వలో పడ్డప్పుడల్లా ఆట ఆగేది.

ఈలోగా కాయ కోతలు వచ్చాయి. వేరే స్థలం రాలేదు.

ఉన్నవాళ్లు చుట్టాల పొలాల్లో చోటు చూసుకున్నారు. లేనివాళ్లు ఇళ్ల ముందు కుప్పలు పోసుకున్నారు. కోసిన కాయను ఒకటి రెండు రోజులు కుప్పగా ఉంచితే రంగు తిరుగుతుంది. ఆ తర్వాత పలచగా పరవకపోతే లోపల ఆవిరి పట్టి మెత్తబడి, తెల్లగా తాలు అయిపోతుంది. తాలుకాయకు యార్డులో మర్యాద లేదు.

కొండమ్మ నా షెడ్డుకొచ్చి గుమ్మంలో నిలబడింది. చేతులు మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి.

"బాబాయ్, తాళం ఎవరి దగ్గరుంది?"

"నీకు తెలీదా? ప్రేమ్‌చంద్ దగ్గర."

"నువ్వడిగితే ఇస్తాడు."

"నీ మొగుడు అడిగితే ఇంకా తొందరగా ఇస్తాడు."

"ఆయన అడగడు. దాని మీద చెప్పులతో నడిచినా పాపమేనంట. ఇక్కడ కాయ కుప్పలో ఉడికిపోతా ఉంటే, పొద్దున్నే పోయి కంచె పట్టుకుని ఆ నీలం గచ్చు చూసుకుంటా నిలబడతాడు. పెళ్లిచూపుల్లో నన్ను కూడా అంతసేపు చూళ్ళేదు."

నాకు నవ్వొచ్చింది. ఆమెకు రాలేదు.

"నవ్వుతావేంది? ఈ కాయ పోతే కౌలు కట్టలేం. కట్టకపోతే చేను వచ్చే ఏడు వేరేవాడికి పోద్ది. పిల్లలకి ఆట నేర్పుతున్నాడు కదా అని చేను గలాయన ఊరుకుంటాడా? మాకేమన్నా రెండో చేను ఉందా?"

అంతకంటే తేటగా ఎవరూ లెక్క చెప్పలేరు. ఆ సాయంత్రమే ప్రేమ్‌చంద్ ఇంటికి పోయాను. చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని ఇంగ్లీషులో ఎవరికో సారీలు చెబుతున్నాడు. అది అయ్యేదాకా కూర్చున్నాను.

కావలసిన దానికంటే పెద్దది అడగడం నా అలవాటు. దిగిరావడానికి చోటుంటుంది.

"కోర్టు తెరవండి బాబూ. నా పట్టాలు కింద పరిచి, వాటి మీద కాయ పోయిస్తాను. పూతకేమీ కాదు."

"ఏం మాట్లాడుతున్నారు బుడాన్ గారూ! ఒక్క మరక పడితే ఇంజనీరు సంతకం పెట్టడు. రెండేళ్లు తిరిగాను. నా సెలవులు మీకు తెలుసు కదా."

"తెలుసు. పోనీ, నడక దారి."

"కుదరదండీ."

"పోనీ, హాలు. నాలుగు గోడలు, పైకప్పు. ఎవరికీ కనపడదు."

హాలు దగ్గర అతను కాస్త ఆగాడు. అప్పుడే సాల్మన్ వచ్చాడు. కొండమ్మ పంపినట్టుంది. గుమ్మం బయటే నిలబడి, నన్ను చూడకుండా అన్నాడు.

"కోర్టు మీద మాత్రం కాయ పోయొద్దు మామా. నాదైనా సరే."

"కోర్టు సంగతి అయిపోయిందయ్యా. హాలు మాట్లాడుతున్నా."

"హాల్లో పోస్తే గేటు తీయాల. గేటు తీస్తే అందరూ వస్తారు. కోర్టు దగ్గర ఎవరుంటారు కాపలా?"

అంతే. ప్రేమ్‌చంద్‌కి కావలసిన మాట దొరికింది. కుదిరే బేరాన్ని, సొంత కాయ కుళ్లుతున్నవాడే చెడగొట్టాడు. ఇంటికి పోతూ అతని మీద కోప్పడదామనుకున్నాను. కుంటుతూ ముందు నడుస్తున్నాడు. తిట్టే ఓపిక నాకు లేకపోయింది.

మర్నాడు కొండమ్మ ఎవరినీ అడగలేదు. రోడ్డు అంచున తారు మీదే కాయ పరిచింది. నా దగ్గర నాలుగు పట్టాలు తీసుకుంది. చీమకుర్తి రాయి మోసే లారీలు ఆ దారినే పోతాయి. రెండు రోజులు ఆమె కర్ర పట్టుకుని, లారీ వచ్చినప్పుడల్లా డ్రైవర్లను తిట్టి పక్కకు తప్పించింది. మూడో రోజు మధ్యాహ్నం గాలి తిరిగింది. వాడరేవు సముద్రం వైపు నుంచి మబ్బు లేచి మమ్మల్ని మించి పరుగెత్తుకొచ్చింది. నేను పట్టాలతో చేరేలోపే చినుకులు. ఎదురుగా వస్తున్న లారీ తప్పుకోబోయి కాయ అంచు తొక్కుకుంటూ పోయింది. మిగతాది కప్పాం. కింద నుంచి నీళ్లు పారాయి. పట్టా పైనుంచి వచ్చే వానను ఆపుతుంది గానీ, కింద పారే నీటికి అదేం చేస్తుంది?

కొండమ్మ పట్టా అంచు మీద కూర్చుంది, లేవకుండా బరువుగా. సాల్మన్ కాలితో, చేతులతో నీటికి అడ్డంగా మట్టి తోస్తున్నాడు. మోకాలు వంగక పక్కకు పడ్డాడు. లేచి మళ్లీ తోశాడు.

"మీ కోర్టు తడవట్లేదుగా? పోయి గొడుగు పట్టు" అంది కొండమ్మ.

అతను ఇంకో దోసెడు మట్టి నీటికి అడ్డం వేశాడు.

వానలోనే ప్రేమ్‌చంద్ బైకు మీద వచ్చాడు. ఎవరు చెప్పారో తెలియదు. కాసేపు చూశాడు. జేబులోంచి తాళంచెవి తీసి నా చేతిలో పెట్టాడు.

"హాలు ఒక్కటే బుడాన్ గారూ. వీళ్లొక్కళ్లే. ఎవరికీ చెప్పొద్దు."

ఎవరికీ చెప్పలేదు. సాయంత్రానికి ఏడు కుటుంబాల కాయ హాల్లో ఉంది.

కొత్త పలకల నేల మీద గోడ నుంచి గోడకు ఎర్రగా పరిచారు. ఫ్యాన్లు వేశారు. కిటికీలు తీశారు. మబ్బు వీడాక పొద్దున పట్టాలతో బయటి మెట్ల మీదకు మోసి, సాయంత్రం లోపలికి మోశారు. చీమకుర్తి పలకల వేడి మనుషులకు పనికిరాకపోయినా కాయకు పనికొచ్చింది. కోర్టు మీదకు మాత్రం ఒక్క గింజ పోలేదు. సాల్మన్ దాని చుట్టూ తాడు కట్టి, చేను పని మానుకుని కూర్చున్నాడు. కొండమ్మ తడిసిన కుప్పలోంచి తాలు ఏరింది. రోజంతా ఏరినా తాలు కుప్పే పెరిగింది. ఆడవాళ్లు పక్కన చేరి తలో చెయ్యీ వేశారు. లేచేసరికి సగం తాలు, సగం కాయ.

అప్పుడు వచ్చింది తేదీ. రేపు పది గంటలకట.

మధ్యాహ్నం నుంచి ఊరంతా హాల్లోనే. మూటలకెత్తాం, ఊడ్చాం, నీళ్లు కొట్టాం, ఫినాయిల్ పోసి రుద్దాం. ఎర్ర మరక పలకల సందుల్లోంచి పోలేదు. ప్రేమ్‌చంద్ ముఖం చూడలేకపోయాను.

"పైన ఏదన్నా పరుద్దాం బాబూ. నా దగ్గర చిరగని పట్టాలున్నాయి. నీలంవి. కడిగి తెస్తా" అన్నాను.

"వాసన?"

నేను గట్టిగా పీల్చి చూశాను. ఫినాయిల్ తప్ప ఏమీ తగల్లేదు. సాల్మన్ పీల్చాడు. కొండమ్మ కూడా మూలమూలకూ పోయి పీల్చి వచ్చింది.

"ఏమీ లేదు. ఆసుపత్రి లెక్క ఉంది" అంది.

ప్రేమ్‌చంద్ కూడా ఇక్కడ పుట్టినవాడే. అతనూ పీల్చి, తల ఊపాడు. రాత్రికి పట్టాలు కడిగి తెచ్చి నేలంతా పరిచాను. ఘాటు లేదని మేమందరం మనస్ఫూర్తిగా నమ్మాం. పుట్టినప్పటి నుంచీ ఆ గాలే పీల్చినవాళ్లం. మా ముక్కులు ఎందుకూ పనికిరావని ఒక్కరికీ తోచలేదు.

ముఖ్య అతిథి ఒంటిగంటకు వచ్చాడు. దూరపు ఊరాయన. తెల్లటి చొక్కా, వెంట పాతికమంది. రిబ్బను కత్తిరించి లోపలికి అడుగు పెట్టగానే, ఉక్కగా ఉందని ఎవరో ఫ్యాన్లన్నీ ఒక్కసారి వేశారు. ఆయన వేదిక ఎక్కాడు. మైకు అందుకున్నాడు.

"ఈ గ్రామ యువత..." అని ఆగాడు.

గొంతు సవరించుకున్నాడు. మళ్లీ "ఈ గ్రామ..." అన్నాడు. దగ్గు అందుకుంది. వెనకున్నవాళ్లకు తుమ్ములు. గన్‌మెన్ ఇద్దరూ కళ్లు తుడుచుకుంటున్నారు. ఆయన కళ్లల్లోంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. మేం ఐదు వందల మంది హాయిగా కూర్చుని, ఏమైందా అని చూస్తున్నాం.

"పాపం, ఎంత మెత్తటి మనిషో! మన ఊరిని చూసి ఏడుస్తున్నాడు" అంది ముందు వరసలో ఒక ముసలామె.

"ఏడవట్లేదే పిచ్చిదానా, చస్తున్నాడు. నీళ్లియ్యండి!" అని వెనక నుంచి ఎవరో అరిచారు.

బయటికి తీసుకొచ్చి ముఖం కడిగించారు. కోర్టు పక్కన గాలి తగిలాక తేరుకున్నాడు. ఆడపిల్లల మ్యాచ్ చూడాలని కార్యక్రమంలో ఉంది. నిలబడే చూశాడు. సాల్మన్ విజిల్ ఊదాడు. జెస్సీ అని జట్టు కెప్టెన్, పొడవాటి పిల్ల, మొదటి సర్వీస్ కొట్టి, తిరిగొచ్చిన బంతి కోసం పక్కకు దూకి నేల మీద జారింది. లేచి మోకాళ్లు చూసుకుంది. తోలు లేవలేదు. ఒకసారి సాల్మన్ వైపు చూసి, వెళ్లి తన చోట నిలబడింది. సాల్మన్ పాయింటు చెప్పడం మర్చిపోయాడు.

ఐదు పాయింట్లయ్యాక కార్లు వెళ్లిపోయాయి.

"మీ పట్టాలు బుడాన్ గారూ! కడిగానన్నారు!" అన్నాడు ప్రేమ్‌చంద్ అందరి ముందూ.

కడిగాను. ముప్పై ఏళ్ల ఘాటు ఒక్క కడుగుకు పోతుందా అని అడగొచ్చు. అడగలేదు. అతనికి తిట్టడానికి ఎవరో ఒకరు కావాలి, నేను దగ్గర్లో ఉన్నాను. ఊళ్లో తగువు లేని నా పేరు అక్కడితో చెల్లిపోయింది. నెలల తరబడి అతను ఎదురుపడినా మాట్లాడలేదు. తాళం నాకిచ్చిన సంగతి అతను ఎవరికీ చెప్పలేదు, నేనూ చెప్పలేదు. ఎవరినీ అడక్కుండా తాళం తీయించింది నేనేనని కమిటీ మొత్తం నమ్మింది.

హాలుకు రెండుసార్లు సున్నం వేశారు. ఎండాకాలంలో ఒక నిశ్చితార్థం పెట్టుకుంటే, ఒంగోలు నుంచి వచ్చిన మగపెళ్లివాళ్లు తాంబూలాలు చెట్టు కింద మార్చుకున్నారు. ఆ తర్వాత ఎవరూ అడగలేదు. చివరకు పంచాయతీ వాళ్లే కూర్చుని తేల్చారు. కోతల నెలల్లో హాలు కౌలు రైతుల కాయకు, ఏడాది పొడుగునా కోర్టు పిల్లలకు. కల్లం గంప మునుపటిలాగే. మొదటి మీటింగులో జవాబు రాని ప్రశ్నకు ఇన్నాళ్లకు జవాబు వచ్చింది. అడిగినవాణ్ణి నేనని ఎవరికీ గుర్తులేదు. గుర్తుచేసే ఓపిక నాకూ లేదు.

వాన పడ్డ ఆ ఏడాది మాత్రం గంప ఎవరూ పోయలేదు. వాన నష్టమన్నారు, నిజమే. ఆఖరి కోత అయ్యాక కొండమ్మ ఒక్కతే గంప నెత్తిన పెట్టుకుని షెడ్డుకొచ్చింది. దింపి, చెంగుతో ముఖం తుడుచుకుంది.

"నువ్వెందుకమ్మా? నీకే సగం పోయె" అన్నాను.

"ఏంది, గంప ఎగ్గొట్టిన పేరు నాకెందుకు? చూసుకో, తాలు ఒక్కటి లేదు."

"చేను సంగతేమైంది?"

"ఎకరం ఉంచాడు. అరెకరం తీసేసుకున్నాడు." గంపలో పైకాయ సర్దింది. "ఆయనకు చెప్పలా. రాత్రి చెబుతా. పగలు చెబితే పోయి ఆ కంచె దగ్గర నిలబడతాడు."

ఆ గంప గుంటూరు తీసుకెళ్లాను. దానికి ఒక్క బంతి వచ్చింది. నెట్టు పాతదే కట్టుకున్నారు.

ఇప్పుడు లెక్క చూసుకుంటే, పైకప్పు వచ్చాక కౌలు రైతులకు నా అవసరం తగ్గింది. అరవై పట్టాల్లో సగం షెడ్డులో మడతల మీద మడతలుగా పడి ఉన్నాయి. నీలంవి నాలుగు సాల్మన్ అడిగి తీసుకెళ్లాడు, రాత్రిపూట మంచు పడకుండా కోర్టు మీద కప్పడానికి. వాటికి అద్దె లేదు. ఆటో ఉంది, దాని టైర్లు అరిగాయి. ప్రేమ్‌చంద్ మొన్న ఎదురుపడి "బాగున్నారా" అన్నాడు. గారూ అనలేదు గానీ, మాటన్నా అన్నాడు. కొండమ్మకు ఎకరం మిగిలింది. ఊరికి ఒక కోర్టు, ఒక బంతి. పిల్లల మోకాళ్లకు తోలు నిలిచింది.

మొత్తం మీద మిగిలింది అదే. మబ్బు పట్టింది, ఇవాళ ఇంకా ఎవరూ ఫోన్ చేయలేదు.